చెదురుమదురు మొటిమలు మినహా ముఖం ప్రశాంతం

మేడపాలెం పురపాలక సంఘంలో ప్రతిదానికీ ఒక ఫారం ఉంది. కుక్కను పెంచడానికి ఉంది, కుళాయి వేయించడానికి ఉంది, చనిపోయినవాడు ఇక లేడని ఊరికి రుజువు చేయడానికీ ఉంది. బ్యూటీ పార్లరుకు మాత్రం లేదు. లేకపోవడం ఒక లోటని ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదు. ఉన్నట్టుండి ఒక సోమవారం పైనుంచి ఉత్తర్వు దిగింది. పట్టణంలోని సౌందర్య కేంద్రాలన్నీ తాము ఎవరి ముఖానికి ఏ పని చేయబోతున్నదీ, సదరు ముఖం తాలూకు స్వభావం ఎట్టిదీ ముందుగా తెలియపరచి అనుమతి పొందవలెనట.

కొత్త ఫారం అచ్చు వేయించాలంటే టెండరు పిలవాలి. టెండరు పిలవాలంటే ఇంకో ఫారం కావాలి. గుమాస్తా పేర్రాజుకు అంత ఓపిక లేదు. కిందటి ఏడాది వినాయక ఊరేగింపుల అనుమతి కోసం వేయించిన ఫారాలు బీరువా అడుగున మూడు కట్టలు మిగిలి ఉన్నాయి. వాటిని దులిపి, పైన 'ఊరేగింపు' అన్న మాట కొట్టేసి 'ఫేషియల్' అని రబ్బరు స్టాంపు గుద్దాడు. ఇంకా కొట్టేయాల్సినవి లోపల చాలా ఉన్నాయని ఆయన చూసుకోలేదు. గుమాస్తాలు ఫారాలు ఇస్తారు గాని చదవరు కదా.

ఆ ఫారం మొట్టమొదట నింపిన పుణ్యాత్మురాలు మంగతాయారు. పాత బస్టాండు వెనక సందులో ఆమెది ఒంటిగది పార్లరు. పద్దెనిమిదేళ్లుగా ఊళ్లో ఆడవాళ్ల కనుబొమల బాగోగులన్నీ ఆమె చేతుల మీదుగానే నడుస్తున్నాయి. తాయారుకు రెండు గుణాలున్నాయి. చెయ్యి మెత్తన, మాట నిజం. మొదటిదాని వల్ల ఆమెకు పేరొచ్చింది. రెండోదాని వల్ల ఏమొచ్చిందో ఇప్పుడు చెప్పుకుందాం.

'విగ్రహం ఎత్తు' అన్నచోట కాస్త ఆలోచించి 'అయిదడుగుల ఒక అంగుళం' అని రాసింది. 'ఊరేగింపు మార్గం' అన్నచోట 'నుదుటి దగ్గర మొదలై, ముక్కు మీదుగా గడ్డం దాకా. మెడ వాళ్లిష్టం' అని రాసింది. 'మైకులు ఎన్ని' అంటే లేవు, పాత రేడియో ఒకటుంది. 'నిమజ్జనం ఎక్కడ' అంటే వాష్‌బేసిన్‌లో. చిట్టచివర 'ప్రాంత స్వభావం' అని ఒక గడి, దాని కింద మూడు మాటలు: సాధారణం, సున్నితం, అత్యంత సున్నితం. అక్కడ తాయారు తడుముకోలేదు. 'అత్యంత సున్నితం' పక్కన టిక్కు పెట్టి, చదివేవాళ్లకు ఇంకా నమ్మకం కుదరాలని 'చూస్తేనే కందిపోతుంది' అని కూడా చేర్చింది.

అందులో అబద్ధం వీసమెత్తు లేదు. ఆ ముఖం పోస్టమ్మగారిది. అంటే పోస్టుమాస్టరు ఇందుమతిగారిది. ఉద్యోగం నుంచి దిగిపోవడానికి ఆవిడకు ఇంకా మూడు వారాలున్నాయి. ఆవిడ చర్మం ఎండకు కందుతుంది, సబ్బుకు కందుతుంది, ఎవరైనా రెండు మంచి మాటలంటే ఆ సంతోషానికీ కందుతుంది. పెళ్లి ఫోటోలో ముందురోజు నలుగు పుణ్యమా అని ముఖం ఎర్రగా ఉంటుంది. ఉద్యోగంలో చేరినప్పటి గుర్తింపు కార్డులోనూ ఎర్రగానే ఉంటుంది, ఆ రోజు ఫోటోవాడు ఎండలో నిలబెట్టాడు.

"నా ముఖం అసలు రంగు ఏదో నా దగ్గర ఒక్క సాక్ష్యం లేదు తాయారూ," అంది ఆవిడ కుర్చీలో కూర్చుని. "ఆఫీసు గోడ మీద నాకు ముందు పనిచేసినవాళ్లవి పదకొండు ఫోటోలున్నాయి. అందరూ మగవాళ్లే. పన్నెండోది నాది. ముప్పయ్యో తారీకు సన్మాన సభలో తీస్తారు. ఈ ఒక్కసారికైనా కందకుండా పడాలి."

తాయారు మనసు కరిగిపోయింది. "మూడు వారాలు నాకొదిలేయండమ్మగారూ. తొందరపడి ఒకేసారి ఫేషియల్ చెయ్యం. ముందు చర్మాన్ని మచ్చిక చేసుకుందాం," అని మాటిచ్చింది.

ఇక ఆ ఫారం ఎక్కడికి వెళ్లిందో చెప్పాలి. కిందటి ఏడాది నిమజ్జనం నాడు రెండు వీధులవాళ్లు ఎవరి సౌండుబాక్సు పెద్దదని తన్నుకోబోయి, వాన రావడంతో ఆగిపోయారు. ఆ దెబ్బకు పురపాలక సంఘంలో 'సున్నిత ప్రాంతాల పర్యవేక్షణ విభాగం' వెలిసింది. దానికి ఒక జీపు, ఒక మైకు, ఒక హోంగార్డును ఇచ్చారు. అన్నీ ఉన్నాయి గాని సున్నిత ప్రాంతమే లేదు. పదినెలలుగా ఊరు ఏ గొడవా లేకుండా ప్రశాంతంగా ఉండి విభాగాన్ని అవమానిస్తోంది. ఎత్తేస్తారేమోనని కమిషనరు దివాకరంగారికి బెంగ పట్టుకుంది. అలాంటి సమయంలో పేర్రాజు ఆయన బల్ల మీద తాయారు ఫారం పెట్టాడు.

"అత్యంత సున్నితం!" అని కమిషనరుగారు లేచి నిలబడ్డారు. "అదీ మన పరిధిలో! జీపు తియ్యమను."

పావుగంటలో పార్లరు ముందు జీపు ఆగింది. కమిషనరుగారు, పేర్రాజు, హోంగార్డు నూకరత్నం దిగారు. లోపల పోస్టమ్మగారు ముఖం మీద తడిగుడ్డ వేసుకుని కళ్లు మూసుకుని ఉంది.

"అత్యంత సున్నిత ప్రాంతం ఎక్కడ?" అన్నారు కమిషనరుగారు.

తాయారు గుడ్డ తీసి చూపించింది. "ఇదిగోనండి."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ముఖాన్ని తేరిపార చూశారు. చూసింది ముఖమని ఆయనకు తెలియక కాదు. కాని ఫారంలో 'ప్రాంతం' అని ఉంది, కింద సంతకం ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని కంటికి కనిపించినదానితో కొట్టేసే అలవాటు ఆయన ఇరవైయేడేళ్ల ఉద్యోగంలో లేదు.

"సరిహద్దులు?"

పేర్రాజు రాసుకున్నాడు. "ఉత్తరాన జుట్టు, దక్షిణాన మెడ, తూర్పు పడమరల చెవులండి."

"గతంలో ఏమైనా ఘటనలు?"

"జరిగాయండి," అంది తాయారు నిజం దాచడం చేతగాక. "పదేళ్ల కిందట నిమ్మకాయ రుద్దుకున్నారండి. ఆయ్, మూడ్రోజులు ఒకటే మంటలు."

"మంటలు," అని కమిషనరుగారు పేర్రాజు వైపు తిరిగారు. "దహనకాండ అని రాయి. ఎవరి ప్రోద్బలం?"

"పక్కింటావిడ చెప్పిందండి."

"బయటి శక్తులు. ఎలా అదుపు చేశారు?"

"ఏమీ చెయ్యలేదండి. చల్లటి తడిగుడ్డ వేసి వదిలేశామండి. ఇలాటి చర్మానికి మొట్టమొదట చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడమేనండి."

కమిషనరుగారి కళ్లు చెమర్చాయి. తన పనితీరును ఇంత సూటిగా, ఇంత గౌరవంగా ఎవరైనా మెచ్చుకోవడం ఆయన ఎరగరు.

"ఇంకా చెప్పండమ్మా," అన్నారు మెత్తగా.

తాయారు వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయింది. రుద్దకూడదు. సబ్బు, సున్నిపిండి, శనగపిండి, బ్లీచు దగ్గరికి రానివ్వకూడదు. వేడినీళ్లు వద్దు, ఐసు వద్దు, గోరువెచ్చని నీళ్లు చాలు. తువ్వాలుతో తుడవకూడదు, పాత నూలు పంచె ముక్కతో అద్దాలి. ఎండ తగలకూడదు. కొత్తది ఏది పూయాలన్నా, అది పన్నీరైనా సరే, ముందు చెవి వెనక ఒక చుక్క పెట్టి ఒక పగలూ ఒక రాత్రీ ఆగాలి. అక్కడ దురద, ఎరుపు రాకపోతేనే ముఖానికి తేవాలి.

"చెవి వెనక, ఎవరికీ కనిపించని చోట, ముందుగా పంపించి సమాచారం రాబట్టడం!" అన్నారు కమిషనరుగారు ఆశ్చర్యంగా. "ఇది నిఘా వ్యవస్థ కదటయ్యా పేర్రాజూ. చిన్న సందులో ఇంత పరిజ్ఞానం ఉందని మనకు తెలియలేదు."

మర్నాడు ఊళ్లో గోడల మీద ఉత్తర్వు అంటించారు. మొదటి ప్రతి పోస్టాఫీసు గుమ్మం పక్కనే.

'ఇందుమూలముగా యావన్మంది పౌరులకు తెలియజేయడమేమనగా, శ్రీమతి ఇందుమతిగారి ముఖము నేటినుండి ముప్పయ్యో తేదీ వరకు అత్యంత సున్నిత ప్రాంతముగా ప్రకటించడమైనది. ఒకటి, ప్రాంతముపై బలప్రయోగము నిషిద్ధము. రెండు, ప్రాంతమునకు మూరెడు దూరములో నలుగురికి మించి గుమికూడరాదు. మూడు, సబ్బు, పిండి, నిమ్మ మున్నగు సంఘవిద్రోహ పదార్థములు ప్రవేశించరాదు. నాలుగు, సూర్యరశ్మిని గొడుగు ద్వారా దారి మళ్లించవలెను. అయిదు, ప్రతి ఉదయము పది నిమిషముల సడలింపు ఇవ్వబడును. ఆ వ్యవధిలో గోరువెచ్చని నీటి వాడకము మాత్రము అనుమతించబడును. ఆరు, ఎట్టి ద్రవమునైనను చెవి వెనుక ఒక దినము పరీక్షించి ధ్రువపత్రము పొందనిదే ప్రాంతముపై ప్రయోగించిన వారు ఏ హోదాలో ఉన్నను తక్షణము అదుపులోకి తీసుకొనబడుదురు. వదంతులు నమ్మవద్దు.'

రెండో నిబంధన మీద పేర్రాజుకు ఒక సందేహం వచ్చింది. కనుబొమలలో వెంట్రుకలు నలుగురికి మించే ఉన్నాయి కదా, అవి గుమికూడినట్టా కాదా? సందేహాన్ని పైకి రాశారు. అవి అక్కడి స్థిరనివాసులు కాబట్టి నిబంధన వర్తించదని, అయితే రెండు కనుబొమలకు నడుమ ఈ మధ్య వచ్చి చేరిన వలసదారుల విషయం విడిగా పరిశీలించాలని జవాబొచ్చింది. ఆ పరిశీలన ఇంకా జరుగుతూనే ఉంది.

ఇదంతా తాయారుకు మొదట నవ్వులాటగానే తోచింది. నవ్వు రెండో రోజున ఆగింది. ఆమెను కార్యాలయానికి పిలిపించి బాండు రాయించుకున్నారు. ముప్పయ్యో తేదీ లోపల సదరు ముఖంలో ఎరుపు గాని, దద్దురు గాని, మరే అవాంఛనీయ సంఘటన గాని తలెత్తితే పూర్తి బాధ్యత మంగతాయారుదే. పార్లరుకు తాళం వేసి సీలు వేస్తారు.

"చూస్తేనే కందిపోయే మొహం బాబూ అది! కందితే నన్నంటే ఎలాగండి?" అని లబలబలాడింది.

"సున్నితమని రాసింది మీరేగా," అన్నాడు పేర్రాజు సిరాపెట్టె ముందుకు జరుపుతూ.

ఆ ఒంటిగది ఆమె అన్నం, ఆమె పరువు. పరుగున పోస్టమ్మగారి దగ్గరికి వెళ్లి, ఇదంతా పొరపాటని మీరైనా ఒక్కమాట చెప్పండని బతిమాలింది. పోస్టమ్మగారు ఉత్తర్వు చదివి కళ్లద్దాలు తీసింది.

"పొరపాటే తాయారూ. కాని సంతకం ఉంది, సీలుంది, తేదీ ఉంది. ముప్పై ఎనిమిదేళ్లు కాగితానికి కట్టుబడి బతికినదాన్ని. దిగిపోయే ముందు కాగితాన్ని కాదంటానా? ఈ మూడు వారాలు ఓర్చుకుందాం. నేను కందకుండా చూసుకుంటాను, నువ్వు భయపడకు."

భయపడకు అన్న మాటకు కళ్లనీళ్లు పెట్టుకుని, ఆ ఏడుపు చూసి ఆవిడ ముఖం కందుతుందేమోనని తాయారు గబగబా కళ్లు తుడుచుకుంది.

కాపలా మొదలైంది. నూకరత్నం ఒక చేత్తో లాఠీ, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని పోస్టమ్మగారిని ఇంటినుంచి ఆఫీసుకు, ఆఫీసునుంచి ఇంటికి నడిపించేది. కవర్ల మీద స్టాంపులు కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు మూరెడు దూరంలో ఆగి, చెయ్యి చాపి, ముఖం పక్కకు తిప్పుకుని ఇచ్చేవాళ్లు. ఎవరైనా గట్టిగా తుమ్మితే నూకరత్నం కళ్లెర్రజేసేది.

"ఏటమ్మా తాయారమ్మా, మొకానికి కాపలా కాసే ఉద్యోగమని మా అత్తకి చెబితే నమ్మట్లేదు," అంది మొదటి రోజు. "నా మొకం ఎండలో మాడి బొగ్గయిపోయింది, దాన్నడిగే నాథుడు లేడు." వారం తిరిగేసరికి ఆమె మాట మారింది. గోడ మీది ఉత్తర్వు ముందు రోజంతా నిలబడి నిలబడి ఆరు నిబంధనలూ ఆమెకు కంఠతా వచ్చేశాయి. ముఖం మీద ఈగ వాలబోతే సొంత బిడ్డ మీద వాలినట్టు ఉలిక్కిపడేది.

సాయంత్రం అయిదింటికి జీపు ఊరంతా తిరుగుతూ మైకులో ప్రకటన చెప్పేది. "పోస్టమ్మగారి ముఖంలో పరిస్థితి పూర్తిగా అదుపులో ఉన్నది. నుదురు ప్రశాంతం. ముక్కు ప్రశాంతం. ప్రజలు సంయమనం పాటించవలెను." మొదట్లో నవ్విన ఊరు నాలుగో రోజుకల్లా ప్రకటన కోసం చెవులు రిక్కించడం మొదలుపెట్టింది. కాఫీ హోటల్లో కూర్చున్న పెద్దమనుషులు వానల మాట, ధరల మాట మానేసి, ఎడమ చెంప ఈ గండం గట్టెక్కుతుందా అని తర్కించుకునేవారు.

పదో రోజున పిడుగు పడింది. గడ్డం మీద, ఎడమవైపున ఒక మొటిమ లేచింది.

కమిషనరుగారు చెప్పులు వేసుకోకుండా వచ్చారు. తాయారు భూతద్దం పెట్టి చూసింది. ఆవగింజంత ఉంది, ఎరుపు ఇంకా పూర్తిగా రాలేదు.

"చూడ్డానికి ఒక్కటే," అన్నారు కమిషనరుగారు గొంతు తగ్గించి. "వెనక ఎంతమంది ఉన్నారో తెలియదు. ఏరివేత చేపడదామా?"

"గిల్లితే మచ్చ పడుతుందండి! దానికి పక్కన ఇంకో నాలుగు లేస్తాయండి!" తాయారు దండం పెట్టింది. "దాన్ని పట్టించుకోకండి బాబూ. ఎవరూ దానికేసి చూడకపోతే దానంతటదే పోతుంది."

పట్టించుకోకపోవడం విభాగానికి తెలిసిన విద్యే గాని, జీపు ఇచ్చాక పట్టించుకోనట్టు కనిపించడం కుదరదు. అందుకని చర్చలు పెట్టారు. కుడి చెంప తరఫున ముగ్గురు, ఎడమ చెంప తరఫున ముగ్గురు పెద్దలతో శాంతి సంఘం సమావేశమైంది. మొటిమ తమ హద్దులో లేదని, గడ్డం ఉమ్మడి స్థలమని ఎడమవాళ్లు వాదించారు. తమ చెంప తరతరాలుగా శాంతికాముకమని కుడివాళ్లు చెప్పుకున్నారు. ముక్కును సరిహద్దుగా ఎవరు నిర్ణయించారని ఒకాయన లేచి నిలదీశాడు. పకోడీలు వచ్చాక వాతావరణం చల్లబడింది. ఈ చర్చలు మూడు రోజులు సాగాయి. నాలుగో రోజు పొద్దున సడలింపు సమయంలో తాయారు తడిగుడ్డ అద్ది చూస్తే మొటిమ లేదు.

ఆ సాయంత్రం మైకు గొంతు గర్వంతో వణికింది. "శాంతి సంఘం కృషి ఫలించినది. చెదురుమదురు మొటిమలు మినహా ముఖం ప్రశాంతం."

ఆ మాట ఊళ్లో పాటలా పాకిపోయింది. ఆడవాళ్లు పురపాలక కార్యాలయం ముందు బారులు తీరి, మాదీ అత్యంత సున్నితమే, మాకూ గొడుగు, హోంగార్డు కావాలని ఫారాలు అడిగారు. పేర్రాజు దగ్గరున్న మూడు కట్టలూ మధ్యాహ్నానికే ఖాళీ అయ్యాయి. కందిన బుగ్గలు చూపించి ప్రాంతం హోదా అడగడానికి కొందరు ముందురోజే నిమ్మకాయ రుద్దుకుని మరీ వచ్చారు.

రోజులు దగ్గరపడేకొద్దీ తాయారుకు ఒక వింత కనబడసాగింది. పోస్టమ్మగారి ముఖం బాగుపడుతోంది. ఎవరూ ముట్టుకోలేదు, ఎండ తగల్లేదు, సబ్బు అంటలేదు, పక్కింటావిడ సలహా దరిదాపులకు రాలేదు. చెవి వెనక పరీక్ష నెగ్గిన కలబంద గుజ్జు మాత్రం రోజూ ఒక పొర. ఎన్నో ఏళ్లుగా రుద్దుడు పడీ పడీ బెదిరిపోయిన చర్మం నెమ్మదిగా ఊపిరి పీల్చుకుని నునుపు తేలింది. తాయారుకు పట్టరాని సంతోషం కలిగింది, కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా రుద్దకండి తల్లీ అని నోరు నొప్పెట్టేలా చెబుతుంటే ఊళ్లో ఒక్కరూ వినలేదు. మైకు పెట్టి చెబితే అందరూ విన్నారు.

ముప్పయ్యో తేదీ రానే వచ్చింది. పోస్టాఫీసు ఆవరణలో షామియానా, కుర్చీలు, మామిడాకులు. పదింటికి ప్రత్యేక సడలింపు ఇచ్చారు. ఫేషియల్ చేద్దామని తాయారు సరంజామా అంతా తెచ్చుకుంది గాని, ముఖం ముందు కూర్చోగానే ఆమె చేతులు ఆగిపోయాయి. చేయడానికి ఏమీ లేదు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, పంచె ముక్కతో అద్ది, అద్దం చేతికిచ్చింది.

పోస్టమ్మగారు చాలాసేపు చూసుకుంది. "ఇది నేనేనా?" అంది. అప్పటికీ కందలేదు.

సభ మొదలైంది. ముఖ్య అతిథి కమిషనరుగారే. ఇరవై ఒక్క రోజులపాటు ఒక ముఖాన్ని తన విభాగం ఎలా కాపాడుకొచ్చిందో ఆయన నలభై నిమిషాలు చెప్పారు. శాలువా కప్పారు. ఫోటోవాడు కెమెరా సర్దుకుని, "అమ్మగారూ, ఇటు చూడండి," అన్నాడు. ఇంకొక్క క్షణం గడిస్తే బాండు తీరిపోతుంది, గోడ మీద పన్నెండో ఫోటో పడుతుంది.

సరిగ్గా ఆ క్షణంలో కమిషనరుగారి ఆనందం హద్దు దాటింది. బల్ల మీది వెండి పన్నీరుబుడ్డి అందుకుని, "శుభం! శుభం!" అంటూ పోస్టమ్మగారి ముఖం మీద మూడుసార్లు చిలకరించారు.

అది బజారు పన్నీరు. అందులో గులాబీ తక్కువ, సెంటు ఎక్కువ. ఎడమ చెంప మీద ముందు ఒక చుక్క ఎర్రబడింది, తర్వాత రూపాయి బిళ్లంత అయింది, ఆపైన ముక్కు దాటి కుడి చెంపకు పాకింది.

"స్వల్ప ఉద్రిక్తత," అన్నారు కమిషనరుగారు మైకులో, అలవాటు కొద్దీ. తర్వాత ఆయన ముఖం గంభీరమైంది. "అవాంఛనీయ సంఘటన జరిగింది. బాధ్యుల మీద చర్య తప్పదు. పేర్రాజూ, బాండు తియ్యి. పార్లరుకు తాళం వెయ్యి."

తాళం అన్న మాట తాయారు చెవిన పడింది. అయినా చేతులు వాటి పని అవి చూసుకున్నాయి. పంచె ముక్క చన్నీళ్లలో ముంచి, పిండి, రుద్దకుండా, వత్తకుండా పోస్టమ్మగారి ముఖం మీద పరిచింది. అప్పుడు కమిషనరుగారి వైపు తిరిగింది.

"ఒక్కమాటండి," అంది. "ఆ పన్నీరు నిన్న చెవి వెనక పెట్టి చూశారాండి?"

కమిషనరుగారు చేతిలోని పన్నీరుబుడ్డి కేసి చూసుకున్నారు.

"రూలు ఆరు!" అని వెనకనుంచి కేక వినబడింది. నూకరత్నం లాఠీ చంకన పెట్టుకుని ముందుకొచ్చింది. కళ్లు మూసుకుని గడగడా అప్పజెప్పింది. "ఎట్టి ద్రవమునైనను చెవి వెనుక ఒక దినము పరీక్షించి ధ్రువపత్రము పొందనిదే ప్రాంతముపై ప్రయోగించిన వారు ఏ హోదాలో ఉన్నను తక్షణము అదుపులోకి తీసుకొనబడుదురు. కింద సంతకం ఎవరిదండీ? మీదే కదండీ?"

"అది పన్నీరు నూకరత్నం!"

"పర్మిషన్ లేకుండా సున్నిత ప్రాంతం మీద నీళ్లు కొట్టారండి. రూల్లో పన్నీరుకి మినహాయింపు లేదండి. ఆయ్, రండి సార్, ఇలా పక్కకి." ఇరవై ఒక్క రోజులు కంటికి రెప్పలా కాచిన ముఖాన్ని కళ్లముందే పాడుచేశారన్న కోపం ఆమె గొంతులో నిజంగానే ఉంది.

షామియానా అంతా గొల్లున నవ్వింది. తెరిచిన తలుపులోంచి పదకొండు మంది మాజీలు ఆఫీసు గోడ మీదనుంచి చూస్తుండగా కమిషనరుగారి ముఖం మెడ దగ్గర మొదలై నెత్తి దాకా జేవురించింది.

"తాయారమ్మా, ఈ మొకం ఓసారి సూడు," అంది నూకరత్నం.

తాయారు దగ్గరికి వెళ్లి వృత్తిధర్మంగా పరిశీలించింది. ఆమెకు అబద్ధం చేతకాదని చెప్పుకున్నాం కదా.

"అత్యంత సున్నితమేనండి," అంది. "చూస్తేనే కందిపోతోంది."

పేర్రాజు జేబులో ఒకే ఒక్క ఫారం మిగిలి ఉంది. ఫారం ఉన్నాక నింపకుండా ఉండటం ఆయన వల్ల కాదు. విగ్రహం ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, మైకు ఒకటి, ప్రాంత స్వభావం అత్యంత సున్నితం. ఆ లెక్కన కమిషనరుగారి ముఖానికి మూరెడు దూరంలో నలుగురికి మించి చేరరాదు, ఎండ తగలరాదు, పైగా రూలు ఆరు కింద అదుపులో ఉన్నారు గనక ఇరవై ఒక్క రోజులు ఇల్లు దాటి బయటికి రారాదు. తన సంతకంతో ఉన్న ఉత్తర్వును కాదనే ధైర్యం ఆయనకూ లేదు. నూకరత్నం గొడుగు పట్టి జీపులో ఇంటికి తీసుకెళ్లి, గుమ్మం ముందు కాపలా నిలబడింది. తాళం సంగతి చూసేవాళ్లు లేక తాయారు బాండు ఫైల్లోనే ఉండిపోయింది.

ఈ గలాటా అంతా అరగంట పట్టింది. ఆ అరగంటా పోస్టమ్మగారి జోలికి ఎవరూ వెళ్లలేదు. తాయారు గుడ్డ తీసి చూస్తే ఎరుపు దిగిపోయింది. "కొట్టవయ్యా ఫోటో!" అని ఆమె అరిచిన అరుపుకు ఫోటోవాడు అదిరిపడి బటను నొక్కేశాడు.

ఆ ఫోటో ఇప్పుడు గోడ మీద పన్నెండోది. చామనఛాయ ముఖం, కళ్ల కింద సన్నటి గీతలు, అప్పుడే నవ్వి ఆపుకున్న పెదవులు. పింఛను కాగితాల మీద సంతకానికి వచ్చినప్పుడల్లా పోస్టమ్మగారు దాని ముందు ఒక నిమిషం నిలబడి వెళుతుంది.

కమిషనరుగారు ఇల్లు కదలని ఆ ఇరవై ఒక్క రోజులూ మేడపాలెంలో కొన్ని విడ్డూరాలు జరిగాయి. కుళాయిలు వేళకు వచ్చాయి. మురుగుకాలవలు ఎవరూ చెప్పకుండానే శుభ్రపడ్డాయి. ఏడాదిగా కదలని ఫైళ్లు సంతకం కోసం ఆయన ముఖం దగ్గరికి వెళ్లే వీల్లేక, వాటంతటవే పని పూర్తి చేసుకున్నాయి. కాపలా ముగిశాక నూకరత్నం పార్లరుకు వచ్చి కుర్చీలో కూలబడింది, ఎండకు మాడిన తన ముఖానికీ ఏదైనా చెయ్యమని. తాయారు గోరువెచ్చని నీళ్లు పెట్టింది.

"అమ్మా, నాకొకటి అర్థం కాలేదు," అంది నూకరత్నం కళ్లు మూసుకుని. "కాపలా కాసింది ఆయన మొకానికి. బాగుపడింది ఊరు. ఎలాగంటావు?"

తాయారు పంచె ముక్కను నీళ్లలో ముంచి, మెల్లగా పిండింది.

"ఇరవై ఒక్క రోజులు ఎవరూ మన మీద ఏమీ రుద్దలేదు కదే," అంది.